కంట్రోల్ సిస్టమ్స్‌లో మార్కులొచ్చాయి, సబ్జెక్టు రాలేదు

ప్రశ్న: ఈఈఈ మూడో ఏడాది చదువుతున్నాను. కంట్రోల్ సిస్టమ్స్‌లో (టెంపరేచర్, వేగం లాంటివాటిని కోరిన చోట నిలబెట్టడం నేర్పే సబ్జెక్టు) మంచి మార్కులే వచ్చాయి. రౌత్ టేబుల్ వేస్తాను, రూట్ లోకస్ గీస్తాను, సెమీలాగ్ షీటు మీద బోడే ప్లాటూ గీస్తాను. ఎందుకు గీస్తున్నానో మాత్రం తెలీదు. మొన్న ఒక ఇంటర్వ్యూలో ‘పీఐడీ (ప్రొపోర్షనల్, ఇంటెగ్రల్, డెరివేటివ్) కంట్రోలర్‌లో ఐ ఎందుకు?’ అని అడిగారు. ‘స్టెడీ స్టేట్ ఎర్రర్ (చివరికి మిగిలిపోయే తేడా) పోవడానికి’ అన్నాను. ‘ఎలా పోతుంది?’ అన్నారు. నోరు పెగల్లేదు. మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. రెండు వేల రూపాయల లోపు ఇంట్లోనే నేర్చుకునే దారుందా? వచ్చే నెల మా క్లబ్బులో జూనియర్లకు ఈ సబ్జెక్టు పరిచయం చేసే పని కూడా నా మీదే పడింది. దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: సెమిస్టరంతా మీరు ఓ యాభై అరవై ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్లు (ఇన్‌పుట్‌కి ఏ అవుట్‌పుట్ వస్తుందో చెప్పే సూత్రాలు) చూసి ఉంటారు. ఒక్కోదానికి ఒక్కో లెక్క చేసి పేజీ తిప్పేశారు. రౌత్ టేబుల్ వేసిన సిస్టమ్‌కి బోడే గీయలేదు, బోడే గీసినదాన్ని ఎప్పుడూ నడిపి చూడలేదు. అందుకే అధ్యాయాలు దేనికది విడివిడిగా ఉండిపోయాయి. ఒకే ఒక్క వస్తువును తీసుకుని సిలబస్‌లోని ప్రతి అధ్యాయాన్నీ దానిమీదే ప్రయోగించండి. ఆ వస్తువు కదలనిది, చవకైనది, నెమ్మదైనది అయితే మంచిది. మా ఓటు వేడెక్కే సిమెంట్ రెసిస్టర్‌కి. అదే మన హీటర్.

సామాను పెద్దగా లేదు. ఒక ఆర్డునో ఊనో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు), 12 వోల్టులు 1 ఆంపియర్ అడాప్టర్, 47 ఓమ్‌లు 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్, ఎల్‌ఎమ్35 టెంపరేచర్ సెన్సర్, స్విచ్చులా పనిచేసే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్, 220 ఓమ్‌లదీ 10 కిలో ఓమ్‌లదీ చిన్న రెసిస్టర్లు, కాస్త థర్మల్ పేస్టు, కాప్టన్ టేపు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో అన్నీ కలిపి మీరు చెప్పిన రెండు వేలలో వచ్చేస్తాయి. 12 వోల్టుల దగ్గర 47 ఓమ్‌లు తీసుకునేది పావు ఆంపియర్, అంటే 3 వాట్లు. 10 వాట్ల రెసిస్టర్‌కి అది సుఖమైన బరువు. ‘ఇంకా వేగంగా వేడెక్కాలి’ అని 10 ఓమ్‌లది పెడితే 14.4 వాట్లు అవుతుంది. రెసిస్టరూ పోతుంది, అడాప్టరూ పోతుంది.

అడాప్టర్ ప్లస్ నుంచి రెసిస్టర్‌కి, రెసిస్టర్ రెండో కొస మాస్‌ఫెట్ డ్రెయిన్‌కి, సోర్స్ అడాప్టర్ మైనస్‌కి. గేటుకి 9వ పిన్ నుంచి 220 ఓమ్‌ల గుండా, గేటు నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్‌లు. ఆర్డునో గ్రౌండునీ అడాప్టర్ మైనస్‌నీ కలపడం మర్చిపోతే ఏదీ పనిచేయదు. పని చేయలేదంటే మొదట చూడాల్సింది కూడా అదే. షాపులో ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ ఇచ్చి ‘రెండూ ఒకటే’ అంటారు. ఒకటి కాదు. దానికి గేటు మీద 10 వోల్టులుంటే తప్ప పూర్తిగా తెరుచుకుంటుందన్న హామీ లేదు, ఆర్డునో ఇచ్చేది 5 వోల్టులే. ఈ పావు ఆంపియర్‌కి నడిచిపోవచ్చు గానీ రేపు మోటారు పెట్టినప్పుడు అదే వేడెక్కి కూర్చుంటుంది. ఎల్‌ఎమ్35 చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉంటే ఎడమ నుంచి వరసగా సప్లై, అవుట్‌పుట్, గ్రౌండ్. తిరగేసి పెడితే క్షణాల్లో కాలుతుంది. దాన్ని రెసిస్టర్ ఒంటికి థర్మల్ పేస్టు రాసి కాప్టన్ టేపుతో బిగించండి. మామూలు ఇన్సులేషన్ టేపు జిగురు వేడికి జారిపోతుంది.

ప్రోగ్రామ్‌లో రాయాల్సిన మొదటి లైను: టెంపరేచర్ 80 డిగ్రీలు దాటితే పవర్ సున్నా. ఇది ముందు రాసి, పనిచేస్తోందని చూసి, మిగతాది ఆ తర్వాత. రెసిస్టర్‌ని చేత్తో ముట్టుకోవద్దు.

రెండో లైను ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెగా మార్చే భాగం) రిఫరెన్స్ గురించి. 5 వోల్టుల రిఫరెన్స్‌తో 10 బిట్ల ఏడీసీలో ఒక మెట్టు 4.9 మిల్లీవోల్టులు. ఎల్‌ఎమ్35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులిస్తుంది కనుక మీ రీడింగ్ అర డిగ్రీ చొప్పున గంతులేస్తుంది. లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్‌కి మారిస్తే మెట్టు 0.11 డిగ్రీలకు తగ్గుతుంది. ఆ 1.1 అనేది చిప్పుని బట్టి 1.0 నుంచి 1.2 వరకూ ఉండొచ్చు కాబట్టి ఒకసారి మల్టీమీటర్‌తో కొలిచి అసలు విలువే వాడండి. రిఫరెన్స్ మార్చాక మొదటి కొన్ని రీడింగులు పారేయండి. సెకనుకి 16 రీడింగులు తీసి సగటు కట్టి, సమయం, పవర్ శాతం, టెంపరేచర్ మూడూ సీరియల్ పోర్టులో ప్రింట్ చేసి ఫైల్లో దాచుకోండి.

ఇక్కడితో కంప్యూటర్ వాళ్ల పని అయింది. కంట్రోల్ వాళ్ల పని మొదలు.

పవర్ 20 శాతం పెట్టి పావుగంట వదిలేయండి. సీలింగ్ ఫ్యాను ఆపండి. చెమట పట్టినా సరే, ఫ్యాను తిరుగుతుంటే ఈ కొలత పనికిరాదు. టెంపరేచర్ నిలకడగా వచ్చాక ఒక్కసారిగా 40 శాతానికి పెంచి మరో పావుగంట రాసుకోండి. గదిలో 31 డిగ్రీలుండగా మీ రీడింగులు ఇలా వచ్చాయనుకుందాం (మీ రెసిస్టర్‌కి వేరే అంకెలొస్తాయి, పద్ధతి మాత్రం ఇదే): 20 శాతం దగ్గర 45 డిగ్రీలు, 40 శాతం దగ్గర 59. ఇరవై శాతానికి 14 డిగ్రీలు పెరిగింది, గెయిన్ శాతానికి 0.7 డిగ్రీ. పవర్ పెంచాక 15 సెకన్ల దాకా సెన్సర్‌లో చలనం లేదు, అది డెడ్ టైమ్. ఆ 14 డిగ్రీల్లో 63.2 శాతం, అంటే 8.85 డిగ్రీలు పెరిగి 53.85కి చేరడానికి మొత్తం 195 సెకన్లు పట్టింది. డెడ్ టైమ్ తీసేస్తే 180. అది టైమ్ కాన్‌స్టంట్. పుస్తకంలో టావ్ అని రాసుకున్న అక్షరం ఇదే. మూడు నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాక ఇక మర్చిపోరు.

ఇప్పుడు నోట్‌బుక్ తీయండి. ఏ ప్రయోగమైనా నడిపే ముందు ఏం వస్తుందో అంకె వేసి రాయాలి, తర్వాతే నడపాలి. ముందు నడిపి తర్వాత వివరణ రాస్తే మనకు అన్నీ అర్థమైనట్టే ఉంటుంది.

మొదటి జోస్యం ప్రొపోర్షనల్ ఒక్కటే పెట్టినప్పటిది. సెట్‌పాయింట్, అంటే మనకు కావాల్సిన టెంపరేచర్, 55 డిగ్రీలు. దానికి అసలు టెంపరేచర్ ఎంత తక్కువుంటే అంత ఎర్రర్. కంట్రోలర్ గెయిన్ 4.3, అంటే డిగ్రీ ఎర్రర్‌కి 4.3 శాతం పవర్. టెంపరేచర్ ఎక్కడ ఆగుతుంది? లూప్ గెయిన్ 0.7 ఇంటూ 4.3, అంటే 3. గది కంటే 24 డిగ్రీలు పైకి వెళ్లాలి, లూప్ గెయిన్ 3ని, దానికి ఒకటి కలిపిన 4తో భాగిస్తే వచ్చేంత, అంటే అందులో నాలుగింట మూడొంతులే వెళ్తుంది. 18 డిగ్రీలు. 49 దగ్గర ఆగిపోతుంది. సరిచూసుకోండి: 49 దగ్గర ఎర్రర్ 6, పవర్ 25.8 శాతం, దానికి వచ్చే పెరుగుదల 18 డిగ్రీలు. సరిపోయింది. 55 దగ్గర నిలబడాలంటే 34.3 శాతం పవర్ కావాలి. అక్కడ ఎర్రర్ సున్నా అయితే ప్రొపోర్షనల్ ఇచ్చేదీ సున్నాయే. పవర్ కావాలంటే ఎర్రర్ ఉండి తీరాలి. గెయిన్ రెట్టింపు చేస్తే ఆ 6 డిగ్రీలు 3.4 అవుతాయి, పోవు.

మీ ఇంటర్వ్యూ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఇంటెగ్రల్ అనేది పాస్‌బుక్ లాంటిది. ఎర్రర్ ఉన్నంతసేపూ అందులో జమ అవుతూనే ఉంటుంది. ఎర్రర్ సున్నా అయినప్పుడు జమ ఆగుతుంది, అప్పటిదాకా జమైన బ్యాలెన్స్ మాత్రం అలాగే ఉంటుంది. ఆ బ్యాలెన్సే 34.3 శాతం. ఎర్రర్ లేకుండా పవర్ ఇవ్వగలిగేది ఆ పాస్‌బుక్ ఒక్కటే. ప్రోగ్రామ్‌లో ప్రొపోర్షనల్ వాటా, ఇంటెగ్రల్ వాటా విడివిడిగా ప్రింట్ చేసి గ్రాఫ్ గీయండి. ఒకటి సున్నాకి దిగిపోతుంటే ఇంకొకటి 34 దగ్గరికి ఎక్కి నిలబడడం కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో ఈ గ్రాఫు కాగితం మీద గీసి చూపించండి, చాలు.

ట్యూనింగ్ (కంట్రోలర్ అంకెలు ఎంచుకోవడం) దగ్గర చాలామంది నాబ్ తిప్పుతూ గంటలు గడిపేస్తారు. గెయిన్, డెడ్ టైమ్, టైమ్ కాన్‌స్టంట్ అనే మూడు అంకెలు చేతిలో ఉన్నాక ఆ అవసరం లేదు. నార్వే ప్రొఫెసర్ సిగుర్డ్ స్కోగెస్టాడ్ 2003లో ప్రచురించిన సూత్రం వాడండి. లూప్ ఎంత వేగంగా స్పందించాలో మీరే ఎంచుకోండి. డెడ్ టైమ్‌కి మూడు రెట్లు, 45 సెకన్లు అనుకుందాం. టైమ్ కాన్‌స్టంట్‌ని ప్లాంట్ (మనం అదుపు చేసే వస్తువు, ఇక్కడ హీటర్) గెయిన్ 0.7తోనూ, ఈ 45కి డెడ్ టైమ్ 15 కలిపిన 60తోనూ భాగిస్తే కంట్రోలర్ గెయిన్: 180 ని 42తో (0.7 ఇంటూ 60) భాగిస్తే 4.3. ఇంటెగ్రల్ టైమేమో టైమ్ కాన్‌స్టంట్ 180, ఆ 60కి నాలుగు రెట్లు 240, ఈ రెండింట్లో చిన్నది. అంటే 180 సెకన్లు. మీ లైబ్రరీ ఇంటెగ్రల్ టైమ్ బదులు ఇంటెగ్రల్ గెయిన్ అడిగితే 4.3ని 180తో భాగించి 0.024 ఇవ్వండి. ఈ రెంటినీ కలగాపులగం చేసి 180 అని టైప్ చేసినవాళ్లకి హీటర్ ఫుల్లు, సున్నా, ఫుల్లు, సున్నా అని కొట్టుకుంటుంది. ఇంకో తప్పు: జమ చేసేటప్పుడు ఎర్రర్‌ని శాంప్లింగ్ సమయంతో గుణించకపోవడం. సెకనుకోసారి నడిపినంత కాలం తేడా తెలీదు, 0.1 సెకనుకి మార్చిన రోజు ఇంటెగ్రల్ పదింతలు బలిసిపోతుంది.

డెరివేటివ్ (ఎర్రర్ ఎంత వేగంగా మారుతోందో చూసే వాటా) జోలికి ఇప్పుడే వద్దు. 8 సెకన్ల డెరివేటివ్ టైమ్ పెట్టారనుకోండి, ఏడీసీ ఒక్క మెట్టు అటూఇటూ ఊగినప్పుడల్లా పవర్ దాదాపు 3.7 శాతం ఎగిరిపడుతుంది. ఈ రెసిస్టర్‌కి దానివల్ల వచ్చే లాభం కంటే ఆ గోల ఎక్కువ.

ఒక రోజు కావాలనే తప్పు చేయండి. యూఎస్‌బీతో ఆర్డునో నడుస్తుండగా 12 వోల్టుల అడాప్టర్ పెట్టకుండా సెట్‌పాయింట్ 55 ఇచ్చి అయిదు నిమిషాలు వదిలేయండి. హీటర్ చల్లగా ఉంది, ఎర్రర్ 24 దగ్గరే ఉంది, పాస్‌బుక్‌లో 170 శాతం పైన జమైపోతుంది. ఇప్పుడు అడాప్టర్ పెట్టండి. 55 వచ్చినా పవర్ తగ్గదు, 65 వచ్చినా తగ్గదు, 70 దాటాక గానీ దిగడం మొదలుపెట్టదు. మీ 80 డిగ్రీల కటాఫ్ దాకా పోయినా ఆశ్చర్యం లేదు. దీన్ని వైండప్ అంటారు. ఫ్యాక్టరీలో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఇంకా చాలనప్పుడు జరిగేది ఇదే. మందు ఒక్క షరతు: పవర్ 100 దగ్గరో 0 దగ్గరో ఇరుక్కుని, ఎర్రర్ కూడా అదే దిక్కుకి నెడుతుంటే జమ ఆపేయాలి. పరీక్ష పేపర్లో ఇది దాదాపు ఎప్పుడూ రాదు. ఉద్యోగంలో మొదటి వారమే వస్తుంది.

ఇప్పుడు బోడే ప్లాట్, అంటే ఊపు వేగాన్ని బట్టి సిస్టమ్ ఎంత ఊగుతుందో, ఎంత వెనకబడుతుందో చూపే గ్రాఫు. కంట్రోలర్ తీసేసి పవర్‌ని 30 శాతం చుట్టూ 10 శాతం పైకీ కిందికీ సైన్ వేవ్‌లా ఊపండి. మొదట ఒక ఊపుకి పది నిమిషాలు. పై మూడు అంకెలనుబట్టి జోస్యం: టెంపరేచర్ 3.3 డిగ్రీలు పైకీ కిందికీ ఊగుతుంది, పవర్ శిఖరానికి చేరిన 118 సెకన్ల తర్వాత టెంపరేచర్ శిఖరానికి చేరుతుంది, అంటే 71 డిగ్రీల ఫేజ్ లాగ్. గంటసేపు నడిపి చూడండి. తర్వాత ఊపుని 60 సెకన్లకు కుదించండి. ఊగిసలాట 0.37 డిగ్రీలకు పడిపోతుంది, లాగ్ 177 డిగ్రీలకు చేరుతుంది. అంటే పవర్ నిండుగా ఉన్నప్పుడు టెంపరేచర్ అట్టడుగున, పవర్ అడుగున ఉన్నప్పుడు టెంపరేచర్ శిఖరాన. పూర్తిగా ఉల్టా. సెమీలాగ్ షీటు మీద మీరు పెట్టిన చుక్కలు ఇవి.

ఈ రెండో చుక్క దగ్గర కాస్త ఆగండి. 60 సెకన్ల ఊపుకి ప్లాంటు శాతానికి 0.037 డిగ్రీ మాత్రమే ఇస్తోంది. దాన్ని తలకిందులు చేస్తే 27. కంట్రోలర్ గెయిన్ ఆ చుట్టుపక్కలకి వెళ్తే, తిరిగొచ్చే సిగ్నల్ వెళ్లినంత సైజులోనే, సరిగ్గా ఉల్టాగా వస్తుంది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌లో మైనస్ గుర్తు దాన్ని మళ్లీ సుల్టా చేస్తుంది. ఊపు తనను తానే పోషించుకుంటుంది. లెక్క సూక్ష్మంగా కడితే గెయిన్ 27.8, ఊపు 58 సెకన్లు వస్తాయి. ప్రొపోర్షనల్ మాత్రమే పెట్టి గెయిన్ పదితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. ముప్ఫై దగ్గరికొచ్చేసరికి దాదాపు నిమిషానికో ఊపు చొప్పున ఆగకుండా ఊగుతుంది. 4.3 దగ్గర మనం ఎందుకు నిశ్చింతగా ఉన్నామో ఇప్పుడు తెలిసిందా? ప్రమాదానికి ఆరు రెట్ల దూరంలో ఉన్నాం. గెయిన్ మార్జిన్ అంటే ఇదే. 1942 నాటి జీగ్లర్–నికోల్స్ ట్యూనింగ్ పద్ధతిలో ఇక్కడ గెయిన్ 12.5 వస్తుంది. పుస్తకాలు దాన్నే ముందు చెబుతాయి గానీ ఈ హీటర్‌కి అది దూకుడు ఎక్కువ.

మీ పరీక్షల పునాదిని కదిపే విషయం ఒకటుంది. డెడ్ టైమ్ వదిలేసి ఫస్ట్ ఆర్డర్ మోడల్‌గా (ఒకే టైమ్ కాన్‌స్టంట్ ఉన్నది) రాసి, సిస్టమ్ అదుపు తప్పుతుందో లేదో తేల్చే రౌత్ టేబుల్ వేయండి. గెయిన్ ఎంత పెంచినా స్టేబుల్ అంటుంది. గెయిన్ పెంచితే పోల్ ఎటు కదులుతుందో చూపే రూట్ లోకస్ గీస్తే, ఆ పోల్ స్టేబుల్ దిక్కైన ఎడమకి పరిగెడుతూనే ఉంటుంది. బల్ల మీద రెసిస్టరేమో ముప్ఫై దగ్గరే ఊగుతోంది. రౌత్ తప్పు చెప్పలేదు, మీరిచ్చిన మోడల్‌లో ఆ 15 సెకన్లు లేవు. సెన్సర్‌కీ రెసిస్టర్‌కీ మధ్య నాలుగు మడతల కాగితం పెట్టి మళ్లీ స్టెప్ టెస్టు (పవర్ ఒక్కసారిగా పెంచి చూసిన ఆ మొదటి ప్రయోగం) చేయండి. సెన్సర్ ఇంకా ఆలస్యంగా మేలుకుంటుంది, భరించగలిగే గెయిన్ పడిపోతుంది. సెన్సర్ ఎక్కడ బిగించాలన్నది కూడా కంట్రోల్ ఇంజినీర్ నిర్ణయమే అన్న సంగతి సిలబస్ ఎక్కడా చెప్పదు.

సీలింగ్ ఫ్యాను ఇప్పుడు వేసుకోండి. దాన్ని డిస్టర్బెన్స్ అని పిలుస్తారు. 55 దగ్గర నిలబడ్డ టెంపరేచర్ ఎంత జారి, ఎంతసేపట్లో తిరిగొచ్చిందో రాయండి. కంపెనీల్లో సెట్‌పాయింట్ రోజుకొకసారైనా మారదు, ఇలాంటి గాలులే రోజంతా వీస్తుంటాయి. అన్నట్టు, ఆ ఫ్యాను రెగ్యులేటర్‌ని అందరూ రెగ్యులేటర్ అంటారు గానీ అది దేన్నీ కొలవదు, కాబట్టి ఓపెన్ లూప్. వోల్టేజ్ పడిపోతే ఫ్యాను నెమ్మదిస్తుంది, దానికి తెలీదు. పక్కనే టక్ టక్‌మనే స్టెబిలైజర్ మాత్రం వోల్టేజ్ చూసి రిలే మారుస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కి మ్యాట్‌ల్యాబ్ అక్కర్లేదు. ఆక్టేవ్‌లో కంట్రోల్ ప్యాకేజీ, పైథాన్‌లో కంట్రోల్ లైబ్రరీ, సైల్యాబ్, అన్నీ ఉచితం. సిమ్యులేషన్ గీతనీ మీ రెసిస్టర్ గీతనీ ఒకే గ్రాఫు మీద వేయండి, తేడా వచ్చిన చోట కారణం వెతకండి. రెసిస్టర్ కొనడం కూడా కష్టమైతే ఐఐటీ బాంబేలో ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ప్రోత్సహించే ఫాసీ ప్రాజెక్టు వాళ్లు తయారుచేసిన సింగిల్ బోర్డ్ హీటర్ సిస్టమ్ గురించి చూడండి. హీటరు, ఫ్యాను, సెన్సర్ ఒకే బోర్డు మీద పెట్టి విద్యార్థుల కోసమే చేశారు. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు వినండి గానీ ఒక్కో వీడియో తర్వాత ‘ఇది నా హీటర్‌కి ఏం చెబుతోంది’ అని ఒక్క లైను రాయకుండా రెండోది తెరవొద్దు.

హీటర్ అయ్యాక ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్) ఉన్న చిన్న డీసీ మోటారు. మాస్‌ఫెట్ పక్కన మోటారుకి అడ్డంగా డయోడ్ పెట్టండి, లేకపోతే మాస్‌ఫెట్ పోతుంది. ఆ తర్వాతే, కావాలంటే, బ్యాలెన్సింగ్ రోబో. చాలామంది దాంతోనే మొదలుపెడతారు, వీడియోలో బావుంటుంది కదా. కానీ అది సహజంగానే పడిపోయే వస్తువు. కంట్రోలర్ లేకుండా స్టెప్ టెస్టు చేయలేరు, మోడల్ రాదు. గేరు వదులుగా ఉండటం వల్ల పడుతోందో, గెయిన్ చాలక పడుతోందో, మైనస్ గుర్తు తప్పై పడుతోందో అర సెకనులో తేల్చుకోలేరు. ఇంటర్నెట్‌లో దొరికిన మూడు అంకెలు ఎక్కించి అది నిలబడితే ఫొటో తీసుకుని ముగించేస్తారు.

ఇక మీ జూనియర్లు. బోర్డు మీద లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ లెక్కలు రాయకండి. ఈ హీటరే తీసుకెళ్లి, ఆర్డునోకి ఒక పొటెన్షియోమీటర్ కలిపి, దాన్ని తిప్పితే పవర్ మారేలా చేయండి. స్క్రీన్ మీద టెంపరేచర్ గ్రాఫు. ఒక్కొక్కరికీ పది నిమిషాలు: చేత్తోనే 50 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి. మొదటివాళ్లు ఫుల్లుగా తిప్పి పైకి దూసుకెళ్తారు, కంగారుపడి సున్నాకి తెస్తారు, కిందికి జారిపోతారు. రెండో మూడో ఊపుకి చెయ్యి కుదురుకుంటుంది. అయిదు నిమిషాలయ్యాక ఫ్యాను వేయండి. అందరూ అయ్యాక, ఏ లెక్కతో తిప్పారో తలా నాలుగు వాక్యాలు రాయమనండి. ‘ఎంత తక్కువుంటే అంత ఎక్కువ పెంచాను.’ ‘ఎంతసేపటికీ రాకపోయేసరికి ఇంకొంచెం, ఇంకొంచెం పెంచుకుంటూ పోయాను.’ ‘స్పీడుగా పెరుగుతోందని ముందే తగ్గించాను.’ ఇవే ప్రొపోర్షనల్, ఇంటెగ్రల్, డెరివేటివ్. 1922లో నికోలస్ మినోర్‌స్కీ ఓడలు తమంతట తామే దారి పట్టేలా చేయడం మీద రాసిన పేపర్‌లో ఈ మూడూ కలిసి కనిపిస్తాయి. చుక్కాని పట్టినవాళ్లు ఎలా తిప్పుతున్నారో చూసి ఆయన అక్కడికి వచ్చాడు. స్టెబిలిటీ లెక్కలు అప్పటికే యాభై ఏళ్ల పాతవి, ఆవిరి యంత్రాల గవర్నర్లు (వేగాన్ని అదుపు చేసే పరికరాలు) ఎందుకు ఊగుతున్నాయన్న గొడవతో 1868లో మాక్స్‌వెల్ మొదలుపెట్టినవి. ఈ క్రమంలో చెబితే పిల్లలు రౌత్ టేబుల్‌ని చూసి ఎందుకని అడగరు.

ఒక్కో బ్యాచ్‌కి ఆరుగురు మించకుండా చూసుకోండి. ఒకరి తర్వాత ఒకరికి రెసిస్టర్ చల్లారే టైమ్ ఇవ్వాలి. టైమ్ కాన్‌స్టంట్ మూడు నిమిషాలు కదా, పన్నెండు నిమిషాలకి దాదాపు గది టెంపరేచర్‌కి వస్తుంది. అంత టైమ్ లేకపోతే రెండు సెట్లు చేసి పెట్టుకోండి.